పుట్టగొడుగుకు గింజ దొరికిన కథ

ఇంట్లో పుట్టగొడుగులు పెంచుకునే కిట్టు తెరిస్తే ఒక పాలిథిన్ సంచి, అందులో తెల్లగా అల్లుకుపోయిన దిమ్మ కనిపిస్తాయి. సంచికి గాట్లు పెట్టి, రోజూ రెండు మూడుసార్లు నీళ్లు చిలకరిస్తే వారం పది రోజుల్లో కూరకు సరిపడా పుట్టగొడుగులు వస్తాయి. అసలు కష్టమంతా ఆ సంచి మన చేతికి రాకముందే ఎవరో పడ్డారు. దిమ్మను విరిచి చూడండి. గడ్డిముక్కల మధ్య అక్కడక్కడా తెల్లని నూగు పట్టిన జొన్నగింజలో గోధుమగింజలో ఉంటాయి. పెంపకందారులు వాటిని స్పాన్ అంటారు. కిట్టుకు ప్రాణం అవే. ఆ గింజ దాకా రావడానికి మనిషికి దాదాపు మూడు వందల ఏళ్లు పట్టింది.

పుట్టగొడుగు తన సంతతిని సిద్ధబీజాల రూపంలో గాల్లోకి వదులుతుంది. ఒక్క గొడుగే కోట్ల కొద్దీ వదలగలదు. కానీ విడివిడిగా అవి కంటికి ఆనవు. ఏరి చల్లుదామంటే చేతికి చిక్కవు. ఎలాగో చల్లినా, వాటికంటే ముందు వేరే బూజులు లేచి తిండి కాస్తా తినేస్తాయి. పదిహేడో శతాబ్దంలో పారిస్ చుట్టుపక్కల కర్బూజ రైతులు తమ పేడ మడుల్లో పుట్టగొడుగులు లేవడం గమనించి, వాటినే పంటగా పెంచడం మొదలుపెట్టారు. 1707లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ పిట్టన్ ద టూర్నెఫోర్ ఆ పద్ధతిని వివరంగా రాశాడు. తరవాతి శతాబ్దంలో సాగు పారిస్ కింద ఉన్న పాత రాతి గనుల్లోకి దిగింది. అక్కడ ఏడాది పొడుగునా చల్లదనం, తేమ ఒకే తీరుగా ఉంటాయి.

వాళ్లకు విత్తనం ఎక్కడిది? పాత మడిలోంచి తెల్లని దారాలు పాకిన పేడపెళ్లలు తవ్వి కొత్త మడిలో పాతేవాళ్లు. ఇంగ్లండులో పేడ, మట్టి కలిపి ఇటుకలు చేసి, వాటికి ఆ దారాలు పట్టించి, ఎండబెట్టి అమ్మేవాళ్లు. ఆ ఇటుకతోపాటు పురుగులూ తెగుళ్లూ కూడా మడికి చేరేవి. ఒక ఏడు విరగకాసిన మడి మరుసటి ఏడు ఎందుకు వట్టిపోయిందో ఎవరూ చెప్పలేకపోయేవారు.

1894లో ఫ్రాన్సులో కోస్టాంటిన్, మాట్రుషో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సిద్ధబీజాలను క్రిములు లేని పోషకం మీద మొలకెత్తించారు. పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ ఆ శుద్ధమైన స్పాన్‌ను తయారుచేసి అమ్మింది. కానీ తయారీ మర్మం బయటి రైతులకు అందలేదు. అందరికీ అందించినవాడు అమెరికాకు చెందిన బెంజమిన్ డగ్గర్. అప్పటికి అతను మిస్సోరీ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ఆచార్యుడు, వయసు ముప్ఫై మూడేళ్లు. 1905లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించిన అతని బులెటిన్‌లో ఉన్న ఉపాయం ఆశ్చర్యం కలిగించేంత సులువైనది. సిద్ధబీజాల జోలికి పోనక్కర్లేదు. తాజా పుట్టగొడుగును చేత్తో నిలువుగా చీల్చి, బయటి గాలి ఎన్నడూ సోకని లోపలి కండ నుంచి చిన్న తునక తీసి, క్రిమిరహితం చేసిన గొట్టంలో వేస్తే చాలు. ఆ తునకే దారాలు చాపి పెరుగుతుంది. అంటే బాగా కాసిన గొడుగు గుణాలు మరోదానితో కలగలిసిపోకుండా తరవాతి పంటకు వస్తాయి. ఇవాళ కొత్తగా స్పాన్ ప్రయోగశాల పెట్టేవాళ్లకు మొదట నేర్పే పని ఇదే.

ఈ డగ్గర్‌కూ మన తెలుగువాడికీ ఒక సంబంధం ఉంది. అధ్యాపక ఉద్యోగం నుంచి విరమించాక, డెబ్బై దాటిన వయసులో, అతను న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. అక్కడ పరిశోధనలకు అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. డగ్గర్ తెప్పించుకుని పరీక్షించిన మట్టి నమూనాల్లో ఒకటి మిస్సోరీ విశ్వవిద్యాలయానికి చెందిన శాన్‌బోర్న్ పొలంలోది, తన పాత ఊరి మట్టి. అందులో దొరికిన బ్యాక్టీరియా నుంచే టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ వచ్చింది. 1948లో లోకానికి వెల్లడైంది. పిడికెడు మట్టిలోని లెక్కలేనన్ని జీవుల్లోంచి ఒక్కదాన్ని విడదీసి, ఇంకోటి కలవకుండా పెంచాలంటే చేయి తిరిగి ఉండాలి. ఆ చేయి పుట్టగొడుగుల దగ్గర తిరిగినదే. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇది.

డగ్గర్ పద్ధతిలో శుద్ధమైన శిలీంధ్రం దొరికింది గాని, దాన్ని ఇంకా పేడ మీదే పెంచి, సీసాలు పగలగొట్టి పెళ్లలుగా మడుల్లో పాతుతూనే ఉన్నారు. పెన్సిల్వేనియా స్టేట్ కాలేజీలో పనిచేస్తున్న జేమ్స్ సిండెన్ పేడను పక్కనపెట్టి ధాన్యం తీసుకున్నాడు. 1932లో దానికి పేటెంటు పొందాడు. గింజల్ని లోపలిదాకా మెత్తబడేలా ఉడికించాలి, పైపొట్టు మాత్రం పగలకూడదు. తడి ఆర్చి, అంటుకోకుండా సుద్దపొడి కలిపి, సీసాల్లో నింపి, ఆవిరి పీడనం కింద 121 డిగ్రీల వేడిలో క్రిమిరహితం చేయాలి. చల్లారాక అందులో శుద్ధమైన శిలీంధ్రం ముక్క వేస్తే రెండు మూడు వారాల్లో గింజ గింజకూ పాకుతుంది. పాలకు తోడు వేసినట్టే, ఆ గింజలు పిడికెడు చల్లితే బస్తా గడ్డి తెల్లబడుతుంది.

గింజ చేసిన మేలు ఏమిటంటే, ప్రతి గింజా విడిగా ఒక మొదలు. వంద గింజలు చల్లితే శిలీంధ్రం వంద చోట్ల నుంచి ఒకేసారి పాకుతూ, పోటీ బూజులకు సందు దొరక్కముందే గడ్డినంతా ఆక్రమిస్తుంది. పైగా ప్రతి గింజలో పిండిపదార్థం దండిగా ఉంటుంది. కొత్త చోటికి చేరిన శిలీంధ్రానికి అదే దారిబత్తెం. పీడనం, శుభ్రత, మంచి గింజ ఉంటే స్పాన్ తయారీ ఏ ఊళ్లోనైనా సాధ్యమే. మన దక్షిణాదిలో ఎక్కువగా జొన్న వాడతారు.

అయినా ఇంతవరకూ చెప్పుకున్న బటన్ పుట్టగొడుగు సులువుగా వంటింటి పంట కాలేకపోయింది. దానికి వారాల తరబడి కుళ్లబెట్టిన ఎరువు, చల్లని గది కావాలి. ఇంటి కిట్టుకు దారి చూపినది ముత్యపు చిప్ప పుట్టగొడుగు. అడవిలో మోడుల మీద బతికే జాతి కాబట్టి, చెక్కకూ గడ్డికీ గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్‌ను కరిగించే ఎంజైములు దానికి ఉన్నాయి. ఎరువు ఎవరూ తయారుచేసి పెట్టక్కర్లేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీలో ఫాల్క్ అనే శాస్త్రవేత్త దాన్ని మొద్దుల మీద పెంచాడు. 1962లో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థకు చెందిన బానో, శ్రీవాస్తవ వరిగడ్డి మీద పెంచే పద్ధతి ప్రకటించారు. వరి పండే మన ప్రాంతాలకు దీనికంటే దగ్గరి ఆవిష్కరణ మరొకటి లేదు. 2009లో అమెరికాలోని బర్కిలీ విద్యార్థులు ఇద్దరు, అలెహాండ్రో వెలెజ్, నిఖిల్ అరోరా, వాడేసిన కాఫీపొడి మీద ఇదే జాతిని పెంచడం మొదలుపెట్టి, తరవాత అట్టపెట్టెలో కిట్టుగా అమ్మారు.

కిట్టు ఇంటికి వచ్చాక శిలీంధ్రానికి మనం చెప్పాల్సింది ఒక్కటే: బయటికి వచ్చావు, గొడుగు విప్పు. గాటు పడ్డ చోట కార్బన్ డై ఆక్సైడ్ తగ్గుతుంది, తాజా గాలి, వెలుతురు, తేమ తగులుతాయి. అప్పుడే మొగ్గలు వేస్తుంది. గాలి ఆడని అల్మరాలో పెడితే కాడలు పొడుగ్గా సాగి, గొడుగులు చిన్నవిగా మిగిలిపోతాయి. ఎండ నేరుగా పడని, కిటికీ ఉన్న చోటు మంచిది. ఆకుపచ్చ మచ్చలు కనిపిస్తే అది ట్రైకోడెర్మా బూజు. ఆ సంచిని ఇంట్లోంచి తీసేయడమే మేలు. గొడుగు అంచులు పైకి మడత పడకముందే కోసుకోవాలి. ఆలస్యమైతే సిద్ధబీజాలు గదంతా రాలతాయి. ఆస్తమా ఉన్నవాళ్లకు అవి పడకపోవచ్చు. కిట్టు తయారీలో గడ్డిని శుద్ధి చేయడానికి కార్బెండజిమ్, ఫార్మలిన్ అనే రసాయనాలు కలిపిన నీళ్లలో నానబెట్టే పద్ధతి కూడా వాడుకలో ఉంది. నేనైతే ఆవిరితోనో వేడినీళ్లతోనో శుద్ధి చేసిన కిట్టునే కొనమంటాను. గడ్డిని ఎలా శుద్ధి చేశారని అమ్మేవాళ్లను అడిగే హక్కు మనకు ఉంది.

ఇప్పుడు ఔషధ పుట్టగొడుగుల కిట్లు కూడా వస్తున్నాయి. వీటి విషయంలో జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే జబ్బుపడ్డవాళ్లు ఆశతో వింటారు. షిటాకే అనే పుట్టగొడుగు నుంచి జపాన్ శాస్త్రవేత్త గోరో చిహారా బృందం లెంటినాన్ అనే పదార్థాన్ని వేరుచేసి 1969లో ప్రకటించింది. జపాన్‌లో దాన్ని జీర్ణాశయ క్యాన్సరుకు కీమోథెరపీతోపాటు ఇచ్చారు. అది శుద్ధిచేసిన పదార్థం, నరం ద్వారా ఎక్కించే ఇంజెక్షను. షిటాకే కూర తిన్నంత మాత్రాన ఆ ఫలితం వస్తుందని ఎవరూ రుజువు చేయలేదు. లయన్స్ మేన్ అనే పుట్టగొడుగులోని హెరిసెనోన్లు అనే రసాయనాలు నాడీకణాల వృద్ధికి తోడ్పడే పదార్థాన్ని పెంచుతాయని 1990ల్లో ప్రయోగశాలలో గమనించారు. మతిమరుపు తగ్గుతుందని హామీ ఇవ్వడానికి అది చాలదు. రుచికోసం, పోషణకోసం పెంచుకోండి, సంతోషంగా తినండి. వైద్యుడు రాసిన మందు మాత్రం ఆపకండి. రుజువైన మేలు ఒకటి చెబుతాను: కోసిన పుట్టగొడుగుల్ని కాసేపు ఎండలో పెడితే వాటిలోని ఎర్గోస్టెరాల్ అనే పదార్థం కొంత విటమిన్ డి2గా మారుతుంది.

ఇక కిట్టు కొనే సంగతికొస్తే, మన వేసవికి ముత్యపు చిప్ప తట్టుకోలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఆ కిట్టు కొని నిరాశపడే బదులు పాల పుట్టగొడుగు కిట్టు అడగాలి. పశ్చిమ బెంగాల్‌లో దొరికిన ఈ జాతిని 1974లో పుర్కాయస్థ, చంద్ర అనే శాస్త్రవేత్తలు వర్ణించారు. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1998లో ఏపీకే 2 అనే రకం విడుదల చేసింది. ముప్ఫై నుంచి ముప్ఫై అయిదు డిగ్రీల వేడిలో చక్కగా కాస్తుంది. గడ్డి పూర్తిగా తెల్లబడ్డాక పైన శుద్ధిచేసిన మట్టి పలచగా పరచడం ఒక్కటే దీనికి అదనపు పని. కిట్టుతోపాటు ఆ మట్టి కూడా ఇస్తున్నారో లేదో, సంచి మీద స్పాన్ కలిపిన తేదీ ఉందో లేదో చూసి తీసుకోండి.