పాటకు చాటింపు: దృశ్యగీతముల ప్రయోజనము

ఊరిలో నాటకమున్నదన్న వార్త పూర్వము తప్పెట మోతతో నాలుగు వీధులకును తెలిసెడిది. టూరింగు టాకీసు వచ్చిన దినమున రంగు కాగితములు అంటించిన బండి బయలుదేరి, కరపత్రములను పంచుచు పోయెడిది. మార్కాపురము, గిద్దలూరు, కంభము, యర్రగొండపాలెము ప్రాంతముల పెద్దలకు ఈ చాటింపు పరిచితమైనదే. ఆ తప్పెట నాటకము కాదు. ఆ బండి సినిమా కాదు. అయినను అవి లేనిచో పందిరి క్రింద జనము చేరరు. నేడు పాట విషయమున ఆ చాటింపు పనిని చేయుచున్నది దృశ్యగీతము. అనగా వాడుకలో మ్యూజిక్ వీడియో అని పిలువబడునది.

సినిమా పాటకును దృశ్యగీతమునకును గల భేదమును ముందుగా గుర్తింపవలెను. సినిమాలో పాట కథకు లోబడి యుండును. దృశ్యగీతమునందు దృశ్యమే పాటకు లోబడి యుండును. మూడు నాలుగు నిమిషముల కాలములో అది నాలుగు పనులను సాధింపవలెను. దారిన పోవువాని చూపును నిలుపుట మొదటిది. పాటను మరల మరల వినిపించి నోటికి పట్టునట్లు చేయుట రెండవది. గొంతునకు ఒక ముఖమును, ఒక పేరును జతపరచుట మూడవది. ఆ కళాకారునికి మరియొక వేదికను, మరియొక అవకాశమును సమకూర్చుట నాలుగవది. మొదటి రెండును పాటకు మేలు చేయునవి. తక్కిన రెండును పాడినవారికి మేలు చేయునవి. ఈ రెండవ జంట విషయముననే మన ప్రాంతపు కళాకారులు జాగ్రత్త వహింపవలసి యున్నది.

ఈ ప్రక్రియ నిన్న మొన్న పుట్టినది కాదు. 1940 నుండి 1946 వరకు అమెరికాలో నాణెము వేసినచో తెరపై పాటను చూపు యంత్రములు హోటళ్లలోను విశ్రాంతి స్థలములలోను ఉండెడివి. 1975లో క్వీన్ అను ఆంగ్ల గాయక బృందము తమ ‘బొహీమియన్ రాప్సొడీ’ పాటకు తీయించిన దృశ్యము ఈ ప్రచార పద్ధతికి పేరు తెచ్చినది. టెలివిజన్ కార్యక్రమములకు బృందము స్వయముగా పోనవసరము లేకుండ, ఆ దృశ్యమే వారికి మారుగా పోయినది. 1981 ఆగస్టు 1వ తేదీన అమెరికాలో ఎం.టి.వి. ఆరంభమైనప్పుడు వారు ప్రసారము చేసిన మొట్టమొదటి పాట, వీడియో వచ్చి రేడియో తారను హతమార్చినదని చెప్పు పాట. రేడియో మాత్రము నేటికిని సజీవముగనే యున్నది. ఆ మాట అటుండనిండు.

తెలుగునాట దూరదర్శన్ చిత్రలహరి కాలములో శుక్రవారము సాయంకాలము పాటను చూచుట ఒక పండుగ. కాని ఆ దృశ్యములు సినిమాలనుండి తీసినవి. పాట కొరకే దృశ్యమును తీయుట తెలుగులో 2000 సంవత్సర ప్రాంతమున, స్మిత వంటి పాప్ గాయనుల ఆల్బములతో ప్రచారమునకు వచ్చినది. 2005లో యూట్యూబ్ పుట్టుట, 2016 సెప్టెంబరు తరువాత చౌకగా లభించిన ఇంటర్నెట్ పల్లెలకును ప్రాకుట, ఈ రెండును కలిసి దృశ్యగీతమును ప్రతివాని అరచేతిలోనికి తెచ్చినవి.

సినిమావారును ఈ మార్గమునే పట్టినారు. చిత్రము విడుదలగుటకు నెలల ముందుగనే పాట పదములు తెరపై కదలునట్లు ‘లిరికల్ వీడియో’ను విడుదల చేయుదురు. ‘అల వైకుంఠపురములో’ చిత్రము 2020 జనవరిలో వచ్చినది. సిరివెన్నెల సీతారామశాస్త్రి రచించిన ‘సామజవరగమన’ 2019 సెప్టెంబరుననే వెలువడినది. గాయకుడు సిద్ శ్రీరామ్, సంగీత దర్శకుడు తమన్, వాద్యకారులు ఆ దృశ్యమునందే కనిపించినారు. తెర వెనుక నుండువారిని తెర ముందునకు తెచ్చుట వలన పాటతోపాటు వారికిని ప్రచారము లభించినది. పాట చిత్రమునకు చాటింపైనది. దృశ్యము పాటకు చాటింపైనది.

స్వతంత్ర కళాకారునికి దృశ్యగీతము ఎట్లు ఉపకరించునో రాహుల్ సిప్లిగంజ్ చరిత్ర తెలుపును. హైదరాబాదువాడైన ఈ గాయకుడు సినిమాలలో పాడుచున్నను, నేపథ్య గాయకుని ముఖము జనమునకు తెలియదు. ఆయన తన పాటలను తానే దృశ్యములుగా తీయించి యూట్యూబ్‌లో ఉంచగా, గొంతునకు ముఖము వచ్చినది. ముఖమునకు పేరు వచ్చినది. తరువాత కాలభైరవతో కలిసి ఆయన పాడిన ‘నాటు నాటు’ పాట 2023 మార్చిలో ఆస్కార్ పురస్కారమును పొందినది. అట్లే వి సిక్స్ వార్తా వాహినివారు బతుకమ్మ పండుగ పాటలను దృశ్యములుగా వెలువరించుట వలన జానపద గాయనీగాయకులు ఇంటింటికిని పరిచితులైనారు. అనంతపురము జిల్లా తండాలో పుట్టిన మంగ్లి ఆ వాహిని ద్వారా ప్రసిద్ధికి వచ్చి, పిమ్మట సినిమా గాయని యైనది.

అయితే చాటింపు ఎవరికొరకు జరిగినదను ప్రశ్న మిగిలియే యున్నది. రేడియో చరిత్రలోని ఒక సంగతి ఇచ్చట స్మరింపదగినది. 1949లో ‘మహల్’ అను హిందీ చిత్రము వచ్చినది. అందలి ‘ఆయేగా ఆనేవాలా’ పాట గ్రామఫోను రికార్డుపై గాయని పేరునకు బదులు, చిత్రములోని పాత్ర పేరైన ‘కామిని’ అని ముద్రించినారు. పాడినది ఎవరని శ్రోతలు రేడియోకు లేఖలు వ్రాసినారు. రికార్డు కంపెనీని అడిగి తెలిసికొనిన పిమ్మట లతా మంగేష్కర్ పేరు ఆకాశమార్గమున వినబడినది. పాటతోపాటు రచయిత పేరు, సంగీతము కూర్చినవారి పేరు, గాయకుని పేరు చెప్పుట రేడియోవారికి మర్యాద. ఆ మర్యాద దృశ్యగీతమునకును ఉండవలెను.

పల్లె పాట విషయమున ఈ మర్యాద మరింత అవసరము. 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రములోని ‘సారంగదరియా’ పాట దృశ్యము విశేషముగా ప్రచారము పొందినది. ఆ జానపదమును తాను సేకరించి ‘రేలా రే రేలా’ టెలివిజన్ కార్యక్రమమునందు పాడితినని కోమలి అను గాయని తెలుపగా, దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపునిచ్చుటకు బహిరంగముగా అంగీకరించినారు. చర్చ సుఖాంతమైనది. కాని ఆమె నోరు తెరువకున్నచో ఆ పేరు ఎంతమందికి తెలిసి యుండును?

పేరు వచ్చినంత మాత్రమున కడుపు నిండునా? మన నల్లమల కావలి వైపున, కృష్ణకు ఉత్తరమున ఉన్న నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య, పండ్రెండు మెట్ల కిన్నెరను వాయించు అరుదైన కళాకారుడు. 2021 సెప్టెంబరులో ‘భీమ్లా నాయక్’ చిత్ర గీతము ఆయన గొంతుతోనే ఆరంభమైనది. దృశ్యమునందు ఆయన రూపము, ఆయన కిన్నెర దేశమంతటను కనిపించినవి. 2022లో పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడినది. 2024 మే నెలలో హైదరాబాదు సమీపమున ఆయన కూలిపని చేయుచున్నారను వార్త పత్రికలలో వచ్చినది. కోట్ల కన్నులు చూచిన దృశ్యము ఆ కళాకారునికి నిత్యజీవనమును చూపలేకపోయినది.

దీనికి కారణమును తెలిసికొనుట కష్టము కాదు. యూట్యూబ్‌లో ప్రకటనల వలన వచ్చు ఆదాయములోని భాగము, ఆ దృశ్యము ఏ చానలుపై వెలువడినదో ఆ చానలు యజమానికి, లేక రికార్డింగు హక్కులు గలవారికి చేరును. గాయకుడు ఒక్కసారి కొంత సొమ్ము పుచ్చుకొని సంతకము చేసినచో, తరువాత ఎన్ని లక్షల మంది చూచినను ఆయనకు చేరునది ఏమియు నుండదు. అంతేకాక, ఒకరు తమ రికార్డింగును అచ్చట నమోదు చేసినచో, దానిని పోలిన ధ్వనిని యంత్రమే వెదకి పట్టుకొనును. ఊరివారు తాతలనాటి పాటనే మరల పాడి ఉంచినప్పుడు, ఒక్కొక్కసారి ఇతరుల హక్కు అడ్డుపడుటకు ఇది కారణమగును.

చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. 1957 నాటి కాపీరైటు చట్టమును 2012లో సవరించినారు. ఆ సవరణ వలన పాట రచయితకును, సంగీతము కూర్చినవారికిని రాయల్టీలో భాగమును పొందు హక్కు బలపడినది. పాడినవారు, వాయించినవారు ఆ ప్రదర్శన తమదని గుర్తింపబడుటకు కోరు హక్కు కూడ 38-బి విభాగమున చేరినది. అయినను హక్కు పుస్తకములో నుండుట వేరు, సంతకము చేయు వేళ గుర్తుండుట వేరు.

మన పశ్చిమ ప్రకాశమున పాటకు కొరత లేదు. తిరునాళ్లలో చెక్క భజనలు, కోలాటములు, పౌరాణిక నాటకముల పద్యములు, పొలము పాటలు, నల్లమలలో చెంచుల పాటలు గలవు. వర్షము తక్కువైన ఈ సీమనుండి పనికొరకు దూరపు నగరములకు పోయినవారు అచ్చట ఫోనులో ఊరి పాటను చూచి సంతోషింతురు. ఉత్సవమునకు బృందమును పిలువదలచినవారు ముందుగా ఫోనులో చూచి నిర్ణయించుకొనుటకును వీలున్నది. కావున మంచి దృశ్యము మన కళాకారునికి ఊరూరు తిరుగు తప్పెటవానివలె పనిచేయగలదు.

అట్టి దృశ్యమును తీయదలచినవారికి నాలుగు మాటలు. మొదట ధ్వనిని చక్కగా పట్టవలెను. ఎండలో తళతళలాడు చిత్రమున్నను, గాలి రొదలో పదము వినబడనిచో ప్రయోజనము సున్న. కనులు మూసికొని వినినను నిలుచు పాటకే దృశ్యము శోభనిచ్చును. రెండవది, పాట ప్రాణము ఎచ్చట నున్నదో అది త్వరగా వినబడవలెను. ఇష్టము కలుగనిచో చూపరి మరుక్షణముననే మరియొక దానికి పోవును. మూడవది, గాయకుని పేరు, వాద్యకారుల పేర్లు, పాట ఎవరివద్ద నేర్చినది, ఏ ఊరిది అను వివరములను తెరపైనను, క్రింది వివరణలోను తెలుగులో వ్రాయవలెను. నాలుగవది, ఇతరుల చానలుకు పాట ఇచ్చునప్పుడు ఆదాయములో భాగమెంత, ఎంత కాలము, మరల పాడుకొను స్వేచ్ఛ ఉన్నదా అను మూడు ప్రశ్నలకు కాగితముపై జవాబు పుచ్చుకొనవలెను. చదువు రానివారు చదువు వచ్చిన బంధువుచే చదివించుకొని, అటుపిమ్మట వ్రేలిముద్ర వేయుట మేలు.

మార్కాపురము పలక పేరు ఎరుగనివారు తెలుగునాట అరుదు. పలకపై ఎందరో అక్షరములు దిద్దినారు. అయినను ఆ రాతిని తవ్వి, చెక్కి, చట్రము బిగించిన చేతుల పేర్లు ఏ పలకపైనను లేవు. మన పాటల విషయమున అట్లు జరుగకుండ చూచుకొను అవకాశము నేడు మన చేతిలోనే యున్నది. తప్పెట మ్రోగించుడు, తప్పక మ్రోగించుడు. ఎవరి ఆట జరుగుచున్నదో ఆ పేరును గూడ నాలుగు వీధులు వినునట్లు చెప్పుడు.