చెరువు కట్ట

చెరువు నిండితే ఊరికి పండుగ. అయితే ఆ నీటినంతటినీ ఆపి ఉంచేది ఒక మట్టికట్ట. 2024లో ఫెంగల్ తుపాను సమయంలో, డిసెంబరు 2 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో, ఊత్తంగరైలో సుమారు 50 సెంటీమీటర్ల వాన కురిసింది. చెరువు పొంగింది. బస్టాండు దగ్గర నిలిపి ఉంచిన వాహనాలు వరదలో కొట్టుకుపోయాయి. అందువల్ల చెరువు కట్టను గురించి మనమందరం తెలుసుకోవాలి.

కట్టను ఎప్పుడైనా పరిశీలించారా? అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉంటుంది. నీటి లోతు పెరిగినకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. అందుకే అడుగుభాగం బలంగా ఉండాలి. మట్టిని పలుచని పొరలుగా పరచి, తడిపి, గట్టిగా దిమ్మిస చేస్తారు. నీరు ఇంకకుండా కట్ట నడుమ బంకమన్ను వేస్తారు. అలల తాకిడికి మట్టి కరిగిపోకుండా నీటివైపు రాళ్లు పేరుస్తారు.

కట్టకు రెండు ముఖ్యమైన అంగాలున్నాయి. పొలాలకు నీరు విడిచేది తూము. ఎక్కువైన నీరు దానంతటదే పొర్లిపోయేది అలుగు. అలుగు కట్టకంటే తక్కువ ఎత్తులో ఉంటుంది. అలుగు పూడిపోయినా, దానికి ఎవరైనా అడ్డుకట్ట వేసినా నీరు కట్ట మీదుగా పొర్లుతుంది. అప్పుడు మట్టి కోసుకుపోయి గండి పడుతుంది.

2021 నవంబరు 19న రాజంపేట సమీపంలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టుకు జరిగింది ఇదే. వచ్చిన వరదంతా గేట్ల గుండా పోలేక మట్టికట్ట మీదుగా పొర్లింది. కట్ట తెగి దిగువ గ్రామాలు మునిగాయి. ఎందరో ప్రాణాలు కోల్పోయారు.

కట్టకు లోపలినుంచి కూడా ఆపద వస్తుంది. ఎలుకలు, ఎండ్రకాయలు చేసే బొరియలలోనూ, చచ్చిన చెట్ల వేళ్లు కుళ్లిన సందులలోనూ నీరు దారి చేసుకుంటుంది. కడప జిల్లా పోరుమామిళ్లలో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు చెరువు కట్టించి, 1369లో శాసనం వేయించాడు. వెయ్యిమంది కూలీలు రెండేళ్లు పనిచేశారని అందులో ఉంది. ఆ శాసనం చెప్పిన ఆరు చెరువు దోషాలలో కట్టనుంచి నీరు ఊరడం ఒకటి. ఆనాటి పెద్దల అనుభవం ఎంత గొప్పదో చూడండి!

కట్ట వెలుపల కొద్దిగా ఊరే నీరు తేటగా ఉంటే దానిని గమనిస్తూ ఉండాలి. ఆ నీరు బురదగా మారితే లోపలి మట్టి కొట్టుకుపోతున్నదన్న మాట. కట్ట మీద పగుళ్లు కనబడినా, ఒకచోట కుంగినా ప్రమాదమే. అలాంటి గుర్తులు కనిపిస్తే దగ్గరకు వెళ్లక, వెంటనే పెద్దలకూ గ్రామ పాలనాధికారికీ చెప్పాలి.

చెరువు విహారస్థలం కూడా. కృష్ణగిరి దగ్గరి అవదానపట్టి చెరువు పడవ విహారానికి పేరు పొందింది. పడవ ఎక్కేటప్పుడు ప్రాణరక్షక కవచం తప్పక ధరించండి. తూము దగ్గర ఈదవద్దు. నీరు లోపలికి లాగుతుంది. పారే అలుగును దాటవద్దు. కట్ట మట్టిని తవ్వవద్దు.

కట్టను మనం కాపాడితే, కట్ట మన ఊరిని కాపాడుతుంది.

ప్రశ్నలు

1. తూముకూ అలుగుకూ భేదమేమి?
2. ఊటనీరు బురదగా మారితే ఏమని తెలుసుకోవాలి?
3. మీ ఊరి చెరువు కట్టను గురించి పెద్దలనడిగి పది వాక్యాలు రాయండి.