సోషల్ బుక్‌లో ఎవరున్నారు? ఎవరు లేరు?

పదో తరగతి సోషల్ పుస్తకాన్ని మనలో చాలామంది మార్కుల కోసమే చదివాం. ఇంపార్టెంట్ బిట్ల కింద గీతలు గీసి, పరీక్షలయ్యాక జూనియర్లకి ఇచ్చేశాం. అలాంటి పుస్తకాల మీదే ఏళ్లకేళ్లు పరిశోధన చేసేవాళ్లున్నారని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. ఇంకో తమాషా ఏంటంటే, ఒక్కో దేశంలో వాళ్లని వేధించే ప్రశ్న ఒక్కోటి.

జర్మనీ: పక్కవాళ్ల గురించి ఏం రాశాం?

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1951లో గేయోర్గ్ ఎకర్ట్ అనే చరిత్రకారుడు బ్రౌన్‌ష్వైగ్ నగరంలో పాఠ్యపుస్తకాల కోసమే ఒక సంస్థ పెట్టాడు. పిల్లల పుస్తకంలో పక్క దేశం ఎప్పుడూ విలన్‌గానే ఉంటే, ఆ పగ తర్వాతి తరానికీ అంటుకుంటుంది కదా! అందుకే 1972లో పశ్చిమ జర్మనీ, పోలెండ్ చరిత్రకారులు కూర్చుని ఒకరి పుస్తకాలు ఒకరు పరిశీలించడం మొదలుపెట్టారు. ఇద్దరికీ కలిపి ఒకే చరిత్ర పుస్తకం మొదటి భాగం వచ్చేసరికి 2016 అయింది. ఫ్రాన్స్‌తో ఉమ్మడి పుస్తకం మాత్రం 2006లోనే వచ్చింది. అది కావాలని అడిగింది పెద్దలు కాదు, 2003లో బెర్లిన్‌లో కలిసిన రెండు దేశాల విద్యార్థులు.

జపాన్: ఓకే చేసేది ఎవరు?

అక్కడ స్కూలు పుస్తకానికి విద్యాశాఖ ఆమోదం ఉండాలి. యుద్ధం గురించి తను రాసినవి మార్చమన్నారని ఇయెనగా సబురో అనే చరిత్రకారుడు 1965లో కోర్టుకెక్కాడు. వరసగా మూడు కేసులు, మొత్తం 32 ఏళ్లు. ఆమోద పద్ధతి తప్పు కాదన్న సుప్రీంకోర్టే, మనుషులపై ప్రయోగాలు చేసిన 731 యూనిట్ ప్రస్తావన తీసేయమనడం మాత్రం చట్టవిరుద్ధమని 1997లో తేల్చింది.

అమెరికా: ఎవరి పేరు ఎన్నిసార్లు?

ఇక్కడ ఇప్పుడు లెక్కలు తీసేది కంప్యూటర్. టెక్సాస్‌లో వాడిన 15 అమెరికా చరిత్ర పుస్తకాలను స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అలా జల్లెడపట్టి 2020లో ఫలితాలు ప్రచురించారు. ఎక్కువసార్లు వచ్చిన ప్రముఖుల్లో దాదాపు అందరూ తెల్లజాతి మగవాళ్లే. లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ల ఊసు చాలా తక్కువ. అబద్ధం రాయక్కర్లేదు, పేరు రాయకపోయినా చాలు, మనిషి మాయమైపోతాడు.

మరి మన దగ్గర?

స్వాతంత్ర్య పోరాటం గురించి భారత్, పాకిస్తాన్ పుస్తకాలు ఏం చెబుతున్నాయో పోలుస్తూ కృష్ణ కుమార్ 2001లో 'ప్రెజుడిస్ అండ్ ప్రైడ్' రాశారు. దేశ విభజన ఒక పుస్తకంలో విషాదం, ఇంకోదాంట్లో సాధించుకున్న గమ్యం. సంవత్సరం మాత్రం రెండింట్లోనూ 1947!

నన్ను బాగా ఆకట్టుకున్న ప్రయోగం ఇజ్రాయెల్, పాలస్తీనా టీచర్లది. పేజీలో ఒక పక్క వీళ్ల కథ, ఇంకో పక్క వాళ్ల కథ. మధ్యలో ఖాళీ. అది విద్యార్థి రాసుకోవడానికి. రెండు వైపులా ప్రభుత్వాలు దాన్ని స్కూళ్లలోకి రానివ్వలేదు. అయినా ఆ ఖాళీ జాగా ఎంత ధైర్యమో చూడండి!

మనకీ ఇలాంటి అవకాశం చేతిలోనే ఉంది. ఒకప్పుడు ఒకే పుస్తకం చదివిన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పిల్లలు ఇప్పుడు వేర్వేరు పుస్తకాలు చదువుతున్నారు. రెండూ ఫోన్‌లోకి దించుకోండి. హైదరాబాద్ సంస్థానం గురించో, రాష్ట్రాల ఏర్పాటు గురించో ఉన్న పాఠాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరి పేర్లున్నాయి? ఆడవాళ్లు ఎంతమంది? మీ జిల్లా ఉందా? తెలుగు పీడీఎఫ్‌లో సెర్చ్ చాలాసార్లు మొరాయిస్తుంది, అప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టుకోండి.

పుస్తకం తప్పని నిరూపించడానికి కాదు ఇదంతా. రేపు మీ తమ్ముడో చెల్లెలో అదే చదివి "జరిగింది ఇదే" అని నమ్ముతారు. "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడగడం వాళ్లకి నేర్పేది మీరే.