డెల్టా చేలలో బాతుల పెంపకం – గుడ్ల వినియోగంలో పాటించవలసిన జాగ్రత్తలు

ప్రత్యేక వ్యాసం

రాజమహేంద్రవరం: ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1852లో పూర్తయిన ఆనకట్ట గోదావరి డెల్టాను ధాన్యాగారంగా తీర్చిదిద్దింది. ఆ కాలువల కింద సార్వా, దాళ్వా పంటలు కోసిన చేలే బాతుల మందలకు మేత భూములు. రాలిన గింజలు, నత్తలు, పురుగులు వాటి ఆహారం కావడంతో కాపరులకు దాణా ఖర్చు తగ్గుతుంది. చేనుకు పెంట ఎరువుగా లభిస్తుంది. ఒక ఊరిలో మేత తరిగిన వెంటనే కాపరులు మందను మరో ఊరికి తోలుకొని పోతారు. ఈ సంచారమే ఈ వృత్తికి ఆధారం. వ్యాధి ప్రబలిన సమయంలో ముప్పు కూడా దీనివల్లనే కలుగుతున్నది.

జాతులు – దిగుబడి

నాటు బాతు ఏడాదికి 130 నుంచి 140 గుడ్లు పెడుతుంది. ఇంగ్లాండులో రూపొందిన ఖాకీ కాంప్‌బెల్ జాతి బాతు మంచి పోషణలో 300 గుడ్ల వరకు పెట్టగలదు. ఈ జాతి పిల్లలను బెంగళూరు సమీపంలోని హెసరఘట్టలో గల కేంద్ర ప్రభుత్వ కోళ్ల అభివృద్ధి సంస్థ ఉత్పత్తి చేస్తున్నది. బాతులు చాలావరకు ఉదయం తొమ్మిది గంటలలోపే గుడ్లు పెడతాయి. కనుక గుడ్లు ఏరిన తరువాతనే మందను మేతకు వదలడం లాభదాయకం. ఖాకీ కాంప్‌బెల్ బాతులు సాధారణంగా పొదగవు. అందుచేత గుడ్లను పొదుగు కోడి కింద గాని, యంత్రంలో గాని ఉంచుతారు. కోడిగుడ్డు 21 రోజులకు పిల్ల అయితే, బాతు గుడ్డుకు 28 రోజులు పడుతుంది.

ఆరోగ్య రక్షణ

బాతు ప్లేగు మందలను తుడిచిపెట్టగల వ్యాధి. 8 నుంచి 12 వారాల వయస్సులో టీకా వేయించడమే దీనికి నివారణ. బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్నలలో ఏర్పడే అఫ్లాటాక్సిన్ విషాన్ని బాతులు ఏమాత్రం తట్టుకోలేవు. పురుగుమందు చల్లిన చేలో మందను దింపితే ఒక్క పూటలోనే కాపరి సర్వస్వం కోల్పోవచ్చు. కావున ఏ మందు, ఎప్పుడు చల్లినదీ రైతును విచారించిన తరువాతనే చేలోకి తోలాలి.

2025 ఫిబ్రవరిలో తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారం, పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరులలోని కోళ్ల ఫారాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. ఈ వైరస్ సోకిన బాతులు కొన్ని సందర్భాలలో పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే వ్యాధిని వ్యాపింపజేస్తాయి. కొల్లేరు వంటి వలస పక్షుల ఆవాసాల సమీపంలో మేసే మందలపై ఈ కారణంగా ప్రత్యేక నిఘా అవసరం. బాతులను కోళ్లతో కలిపి ఉంచరాదు.

వంటలలో బాతు గుడ్డు

బాతు గుడ్డు సుమారు 70 గ్రాములు తూగుతుంది. పెంకు దళసరి, పచ్చసొన పెద్దది. వంద గ్రాములలో మాంసకృత్తులు సుమారు 13 గ్రాములు, కొవ్వు సుమారు 14 గ్రాములు ఉంటాయి. కొలెస్టరాల్ కోడిగుడ్డులో కంటే రెట్టింపునకు మించి ఉన్నందున హృద్రోగులు వైద్యుల సలహా మేరకే భుజించాలి.

దీని నీచు వాసనకు మన వంటలో విరుగుడు చింతపండు, అల్లం వెల్లుల్లి. ఉడికించిన గుడ్లకు గాట్లు పెట్టి, ఉల్లి, మిరప వేయించి, చింతపండు రసంలో మరిగించిన పులుసు అన్నంలోకి మిక్కిలి రుచికరం. అట్టుగాను, వేపుడుగాను కూడ వండుకోవచ్చు. కొవ్వు అధికంగా ఉండడం వల్ల కేకులు మెత్తగా వస్తాయి. చైనాలో ఉప్పునీటిలో వారాల తరబడి ఊరవేసి నిల్వ చేస్తారు.

అయితే పచ్చిగా గాని, సగం ఉడికించి గాని తినరాదు. బురదలో పెట్టిన గుడ్ల పెంకుపై సాల్మొనెల్లా క్రిములు ఉండే అవకాశం ఉన్నది. పరిమాణం పెద్దది గనుక కోడిగుడ్డు కంటే ఎక్కువసేపు, తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడే వరకు ఉడికించాలి. లోపలి భాగమంతా 70 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే బర్డ్ ఫ్లూ వైరస్ నశిస్తుంది.

నమోదు అవసరం

స్థిరమైన ఫారం చిరునామా అధికారులకు తెలుస్తుంది. నేడు ఒక ఊరిలో, రేపు మరో ఊరిలో ఉండే మంద ఆచూకీ తెలియదు. మంద దిగిన ప్రతి గ్రామంలోనూ కాపరులు స్థానిక పశువైద్య సిబ్బందికి సమాచారమిచ్చి, బాతుల సంఖ్య, టీకా వేసిన తేదీ నమోదు చేయించుకోవాలి. బాతులు అకస్మాత్తుగా మరణిస్తే కళేబరాలను కాలువలలో పడవేయక వెంటనే తెలియజేయాలి. గ్రామ స్థాయి సిబ్బంది కూడా మంద వద్దకే వెళ్లి వివరాలు సేకరిస్తే వ్యాధిని తొలి దశలోనే గుర్తించవచ్చు. కాపరి జీవనోపాధికి, వినియోగదారుల ఆరోగ్యానికి అదే రక్ష.