చిన్న మిర్రర్‌లెస్‌లో కోత ఎక్కడ పడింది? అపోహలు – వాస్తవాలు

లక్ష రూపాయల లోపు మిర్రర్‌లెస్ కెమెరా అంటే షాపువాళ్లు చూపించేవాటిలో కెనాన్ ఈఓఎస్ ఆర్50 ఒకటి. 2023లో వచ్చింది. 24.2 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ సెన్సర్ ఉంది. బ్యాటరీ, కార్డుతో కలిపి బరువు 375 గ్రాములు. దీన్ని కొన్నవాళ్లలో కొందరు ఆకాశానికెత్తేస్తారు, కొందరు ‘ఇంతేనా?’ అని పెదవి విరుస్తారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ధర తగ్గించాలంటే ఎక్కడో కోత పెట్టక తప్పదు. ఆ కోత ఎక్కడ పడిందో తెలియకపోవడం వల్లే ఇన్ని అపోహలు.

అపోహ: అద్దం లేదు కాబట్టి డీఎస్‌ఎల్‌ఆర్ అంత క్లారిటీ రాదు.

వాస్తవం: అద్దం పని వ్యూఫైండర్‌కి వెలుగు పంపడమే. క్లిక్ నొక్కగానే అది పైకి లేచి దారి వదిలేస్తుంది, ఫొటో తీసేది వెనకున్న సెన్సరే. ఆ సెన్సర్‌లో కోత పడలేదు. ఫోకస్‌లో అయితే పాత కెమెరాలే వెనకబడ్డాయి. మన దగ్గర ఎంతోమంది మొదటి కెమెరాగా కొన్న కెనాన్ 1500డీ వ్యూఫైండర్‌లో ఫోకస్ పాయింట్లు 9 మాత్రమే. ఆర్50 ఫ్రేమ్‌లో ఏ మూలనున్నా మనిషి కన్నుని వెతికి పట్టుకుంటుంది. ఇంట్లో పరుగులు తీసే పిల్లల్ని తీసేవాళ్లకు ఈ తేడా మొదటి రోజే తెలుస్తుంది.

అపోహ: మంచి కెమెరా అయితే చాలు, మసక వెలుతురులోనూ ఫొటో అదిరిపోతుంది.

వాస్తవం: పెద్ద కోత పడింది ఇక్కడే. పెట్టెలో వచ్చే 18-45 కిట్ లెన్స్ జూమ్ చివరికొచ్చేసరికి ఎఫ్6.3 కన్నా ఎక్కువ తెరుచుకోదు. రాత్రి ముహూర్తం, కల్యాణ మండపంలో తలంబ్రాలు పోస్తున్నారనుకుందాం. ఐఎస్ఓ (వెలుగుకి సున్నితత్వం) 3200 పెట్టినా షటర్ వేగం సెకనులో 15వ వంతుకి పడిపోయిందంటే, బియ్యపు గింజలు గీతలవుతాయి, పెళ్లికూతురి చెయ్యి అలుక్కుపోతుంది. ‘కెమెరా బాగోలేదు’ అంటాం.

అదే చోట, అదే బాడీకి ఎఫ్1.8 50 ఎంఎం లెన్స్ తగిలించి పూర్తిగా తెరవండి. సెన్సర్ మీద పడే వెలుగు దాదాపు 12 రెట్లు పెరుగుతుంది. ఐఎస్ఓ కదపకుండానే షటర్ సెకనులో 180వ వంతు దాకా వెళ్తుంది. చెయ్యి స్పష్టంగా పడుతుంది, గింజలు చాలావరకు గింజల్లాగే కనిపిస్తాయి. అయితే ఈ సెన్సర్ మీద 50 ఎంఎం లెన్స్ 80 ఎంఎంలా చూపిస్తుంది. పోర్ట్రెయిట్లకు బాగుంటుంది, ఇరుకు గదిలో మాత్రం గోడకి ఆనుకోవాల్సిందే. వైడ్‌గా కావాలంటే, 2024 నుంచి సిగ్మా, టామ్రాన్ కంపెనీలు కూడా ఆర్50 మౌంట్‌కి (లెన్స్ తగిలించే అమరికకి) లెన్సులు తెస్తున్నాయి.

అపోహ: స్టెబిలైజేషన్ ఉంది కాబట్టి బ్లర్ రాదు.

వాస్తవం: ఆర్50 బాడీలో సెన్సర్‌ని కదిపే స్టెబిలైజేషన్ లేదు. కిట్ లెన్స్‌లో ఉంది గానీ, అది అడ్డుకునేది మన చేతి వణుకునే. ఎదురుగా డాన్సు చేస్తున్నవాళ్లను ఆపలేదు. పైన చెప్పిన 50 ఎంఎంలో ఆ సదుపాయమూ లేదు. నడుస్తూ వీడియో తీసేటప్పుడు డిజిటల్ స్టెబిలైజేషన్ వాడుకోవచ్చు, కాకపోతే ఫ్రేమ్ అంచులు కొంత తెగిపోతాయి.

అపోహ: ఏ ఫొటో అయినా ఫోన్ కన్నా కెమెరాలోనే బాగుంటుంది.

వాస్తవం: ఫోన్ ఒక్క నొక్కుకి కొన్ని ఫ్రేములు తీసి, కలిపి, ఆకాశాన్నీ ముఖాన్నీ సరిచేసి ఇస్తుంది. కెమెరా ఆటో మోడ్‌లో తీసిన సాయంత్రపు ఫొటో దాని పక్కన వెలవెలబోవచ్చు. కెమెరా గెలిచేది లెన్స్ మార్చినప్పుడు, రా ఫైల్ తీసి ఓపిగ్గా ఎడిట్ చేసుకున్నప్పుడు. ఆ ఓపిక లేకపోతే ఫోనే మేలు.

అపోహ: పెట్టె మీద 4కే అని ఉంటే అన్నీ ఒకటే.

వాస్తవం: కెనాన్ 2023లోనే ఇంకా చవగ్గా ఆర్100 తెచ్చింది. దాని పెట్టె మీదా 4కే ఉంటుంది. కానీ 4కేలో ఫ్రేమ్ బాగా కుదించుకుపోతుంది, వేగంగా ఫోకస్ చేసే డ్యూయల్ పిక్సెల్ పద్ధతి పనిచేయదు. వెనక స్క్రీన్ తిరగదు, టచ్ కూడా లేదు. ఆర్50 అయితే సెన్సర్ పూర్తి వెడల్పుతో 4కే తీస్తుంది, స్క్రీన్ మన వైపు తిప్పుకోవచ్చు. వీడియో కోసం కొనేవాళ్లు ధర తేడా చూసి ఆర్100 వైపు మొగ్గితే తర్వాత బాధపడతారు.

అపోహ: సైలెంట్ షటర్ ఉంది కాబట్టి ఎప్పుడూ అదే పెట్టుకోవచ్చు.

వాస్తవం: చప్పుడు లేకుండా తీసే ఈ ఎలక్ట్రానిక్ షటర్ సెన్సర్‌ని పైనుంచి కిందికి వరసగా చదువుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. పాత ట్యూబులైట్లు, నాసిరకం ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి. ఫలితంగా ఫొటో మీద అడ్డంగా నల్లచారలు పడతాయి. అలాంటి లైట్ల కింద మామూలు షటర్‌తో, సెకనులో 50వ వంతో 100వ వంతో పెట్టి తీయడం మేలు.

అపోహ: పాత డీఎస్‌ఎల్‌ఆర్ సామానంతా ఇక అటకెక్కించాల్సిందే.

వాస్తవం: లెన్సులకు ఆ గతి పట్టదు. కెనాన్ పాత మౌంట్ నుంచి సెన్సర్‌కి దూరం 44 మిల్లీమీటర్లు, కొత్తదానికి 20. మిగిలిన 24 మిల్లీమీటర్ల ఖాళీని ఒక అడాప్టర్ పూరిస్తుంది. అందులో గాజు లేదు కాబట్టి క్లారిటీ తగ్గదు, ఆటోఫోకస్ కూడా పనిచేస్తుంది. చిక్కల్లా ఫ్లాష్‌తోనే. ఆర్50 నెత్తి మీద ఫ్లాష్ తగిలించే షూలో పాత పద్ధతి కాంటాక్టులు లేవు. పాత ఫ్లాషులు, ట్రిగ్గర్లు వాడాలంటే ఏడీ-ఈ1 అనే మరో అడాప్టర్ కొనాలి. ఫ్లాష్ ఉన్నవాళ్లు ఈ ఖర్చు ముందే లెక్కేసుకోవాలి.

అపోహ: 24 మెగాపిక్సెళ్లు ఈ రోజుల్లో చాలవు.

వాస్తవం: పెళ్లి ఆల్బమ్‌లో 12×36 అంగుళాల షీటు వెడల్పంతా ఒకే ఫొటో పరిచినా అంగుళానికి 160కి పైగా పిక్సెళ్లు వస్తాయి. చేతిలో పట్టుకుని చూసే ఆల్బమ్‌కి అది చాలు.

అపోహ: అయితే దీంతోనే పెళ్లి ఆర్డర్లు మొదలుపెట్టేయొచ్చు.

వాస్తవం: ఫొటో నాణ్యత సరిపోతుంది, భరోసా సరిపోదు. కార్డు స్లాట్ ఒక్కటే. కార్డు పాడైతే మాంగల్యధారణ మళ్లీ తీయలేం. బాడీకి వాన, దుమ్ముల నుంచి రక్షణ లేదు. చిన్న ఎల్పీ-ఈ17 బ్యాటరీ ఒక్కటే పెట్టుకుని రోజంతా నెట్టుకురాలేం. డబ్బు తీసుకుని పనిచేసేవాళ్లు దీన్ని రెండో కెమెరాగా ఉంచుకోవడమే క్షేమం.

ఇంటికోసం, ప్రయాణాలకోసం, నేర్చుకోవడానికి అయితే నిశ్చింతగా కొనొచ్చు. సెన్సర్, ఫోకస్ పైస్థాయి కెమెరాలకు దగ్గరగానే ఉన్నాయి. లెన్స్, బ్యాటరీ, రెండో కార్డు లాంటి వాటి దగ్గర కంపెనీ చెయ్యి బిగించింది. వీటిలో మొదటి రెండూ మనం తర్వాత చేర్చుకోగలిగినవే. అందుకే ఇంకొంత డబ్బు పోసి పై మోడల్‌కి వెళ్లేముందు, ఆ డబ్బుతో ఒక ఎఫ్1.8 లెన్సూ ఒక అదనపు బ్యాటరీ వస్తాయేమో షాపులోనే అడగండి.