కంచె కట్టబోతే...

మా పెరట్లో బెండమొక్క రెండాకులు వేసేసరికి ఊళ్ళో మేకలన్నిటికీ కబురు వెళ్ళిపోతుంది. మూడేళ్ళు తుమ్మకంపతోనే నెట్టుకొచ్చాను. వానలకు చివికి, చెదపట్టి, ఏటా పడిపోవడమే. పోయిన మాఘంలో మా ఆవిడ, "ముళ్ళతీగ వేయిస్తారా, నన్ను మేకలు కాసుకోమంటారా?" అని తేల్చి అడిగేసింది.

సిమెంటు స్తంభాలూ, తీగచుట్టలూ వచ్చాయి. పనికి వచ్చిన ముసలాయన గునపం పట్టకముందే పాతకంపను పొడుగాటి కర్రతో తట్టుతూ కూర్చున్నాడు. "చెయ్యి పెట్టకండి బాబుగారూ, పాములుంటాయి" అన్నాడు. విన్నాను. కరెంటుతీగ కింద ఇనపగొట్టాలు నిలబెట్టవద్దన్నాడు. అదీ విన్నాను.

ఆయన మజ్జిగ తాగడానికి వెళ్ళినప్పుడు ఒక వరస వంకరగా ఉందనిపించింది. విప్పి మళ్ళీ కట్టిద్దామని, బిగించి ఉన్న తీగను కటింగ్ ప్లేయర్‌తో టక్కున కత్తిరించాను. ఠంగుమంటూ లేచింది! నా చెంప గీరి, కళ్ళజోడు అద్దంమీద గీతపెట్టి, పదడుగుల అవతల మేకుల డబ్బా పట్టుకు నిలబడ్డ మనవడి జుట్టును రాసుకుంటూ పోయింది. మా ఆవిడ వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని నావంక చూసిన చూపు ఇక్కడ రాయను.

"చుట్టలోంచి వచ్చిన తీగ బాబుగారూ, మళ్ళీ చుట్టలోకే పోదామని చూస్తాది" అన్నాడు ముసలాయన. ముందు బిగువు మెల్లగా వదలాలిట. కత్తిరించేచోట ఇద్దరు చెరోవైపు గట్టిగా పట్టుకోవాలిట. తీగ ఎంత పొడుగో పిల్లలు అంత దూరం ఉండాలిట. తోలు చేతితొడుగులూ, కళ్ళకు అద్దాలూ సరేసరి.

కొత్తతీగే గదా, తుప్పులేదు గదా అని నేను చెంప తుడుచుకుని ఊరుకున్నాను. డాక్టరుగారు మందలించారు. ధనుర్వాతం తెచ్చేది తుప్పు కాదుట, మట్టిలోనూ పేడలోనూ ఉండే సూక్ష్మజీవిట. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పోసిన నీళ్ళతో కడగాలి. మట్టి చేరిన గాయమైతే, కిందటిసారి టీకా వేయించుకుని 5 ఏళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోవాలి. ఆ జబ్బు సాధారణంగా 3 నుంచి 21 రోజుల్లో బయటపడుతుంది గనక, రెండురోజులు గడిచాయని ధైర్యపడి లాభంలేదు. నేను కిందటిసారి ఎప్పుడు వేయించుకున్నానో నాకే గుర్తులేదు. వేయించుకునే ఇంటికి వచ్చాను.

కంచెకు ఇంటి కరెంటు తగిలించమని పక్కింటాయన సలహా. మేకకంటే ముందు దాన్ని తోలుకుపోవడానికి వచ్చే కుర్రాడు పట్టుకుంటాడు ఆ తీగను. నేరం కూడాను.

కంచె పూర్తయింది. వడ్రంగి ఇంకా తలుపు తేలేదు. మేకలు ప్రస్తుతం దర్జాగా దారినే వస్తున్నాయి.