పాకం పట్టేందుకూ ధర్మామీటరు!

అనకాపల్లి: ధర్మామీటరు అనగానే మనకు జ్వరమూ, ఆసుపత్రీ గుర్తుకొస్తాయి. వంటింట్లో దానికేం పని అని నవ్వేవారు పల్లెల్లో ఇప్పటికీ చాలామందే. కానీ కలంలా సన్నగా ఉండి, చివర ఉక్కుపుల్ల ఉన్న వంటింటి ధర్మామీటర్లు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి. పుల్ల కొనను మాంసంలో గుచ్చినా, పాకంలో ముంచినా, నూనెలో పెట్టినా కొన్ని సెకన్లలో వేడి ఎంతో అంకెల్లో కనిపిస్తుంది. బెల్లం వండే మన ప్రాంతంలో, ఆదివారం వచ్చిందంటే బొగ్గుల మీద కోడి కాల్చే ఈ రోజుల్లో దీని సంగతి తెలుసుకోవడం అవసరమే.

ముందుగా ఒక మాట. పప్పుకూ, పులుసుకూ, ఇడ్లీకీ ఈ పరికరం అక్కరలేదు. కోడికూర పులుసులో అరగంట తెర్లితే ముక్క చుట్టూ నూరు డిగ్రీల నీరే ఉంటుంది కాబట్టి పచ్చిగా మిగిలే ప్రసక్తి లేదు. ప్రెషర్ కుక్కర్‌లో దీన్ని దూర్చే ప్రయత్నం అసలే చేయకూడదు. అవసరం వచ్చేదల్లా నీరు లేకుండా నిప్పు మీద కాల్చే వంటలకూ, పాకాలకూ, నూనె కాగుడుకూ, పాలు తోడుపెట్టడానికీ.

పైన మాడి, లోపల పచ్చి

బొగ్గుల మీద కోడి కాలుతున్నప్పుడు పైచర్మం నల్లబడేసరికి లోపల ఎముక దగ్గర మాంసం ఇంకా పచ్చిగానే ఉండవచ్చు. రంగు చూసి తెలుసుకుందామంటే కారం, పసుపు పట్టించిన ముక్కకు అసలు రంగు తెలియదు. పైగా లేత బ్రాయిలర్ కోడికి పూర్తిగా ఉడికిన తర్వాత కూడా ఎముక పక్కన ఎర్రదనం కనిపించడం మామూలే. అందుచేత రంగు రెండు విధాలా మోసం చేస్తుంది. ఉడికినదాన్ని పచ్చి అనుకుని మళ్లీ కాల్చి పీచు చేస్తాం. పచ్చిదాన్ని ఉడికిందనుకుని పిల్లలకు పెడతాం. రెండో పొరపాటు ప్రమాదకరం. పచ్చి కోడిమాంసంలో ఉండే సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు వాంతులు, విరేచనాలు, జ్వరం తెస్తాయి. చిన్నపిల్లలకూ, గర్భిణులకూ, ముసలివారికీ ఇది ప్రాణం మీదికి రావచ్చు.

కోడిమాంసం లోపలి వేడి 74 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ సూచించింది. ఆ వేడికి ఈ సూక్ష్మజీవులు వెంటనే చచ్చిపోతాయి. ఖైమాకు ఆ శాఖ చెప్పిన లెక్క 71 డిగ్రీలు, చేపకు 63. మేక, గొర్రె మాంసం ముక్కకు కూడా 63 డిగ్రీలు చేరి మూడు నిమిషాలు ఆగితే చాలునని చెబుతారు. అయితే ఆ వేడికి దించితే మనవాళ్లకు అది ఉడికినట్టే అనిపించదు, నమలడమే కష్టం. మన వేట మాంసం మెత్తబడాలంటే లోపలి వేడి 90 డిగ్రీల దాకా వెళ్లి అక్కడ కొంతసేపు నిలవాలి. కాబట్టి మాంసానికి ఈ పుల్ల వాడే వారికి అసలు పని కోడి దగ్గరే.

గుచ్చే చోటు కూడా ముఖ్యమే. ముక్కలో అన్నిటికన్నా మందమైన చోట, నడిమధ్యకు కొన వెళ్లాలి. ఎముకకు తగిలితే అంకె మాంసానిది కాదు. పక్కనుంచి గుచ్చడం తేలిక. తొడ, రెక్క కీలు రెండుచోట్లా చూసి, తక్కువ వచ్చిన అంకెనే నమ్మాలి. అరకు వైపు ప్రసిద్ధమైన బొంగులో కోడికి ఇది మరీ పనికొస్తుంది. పచ్చివెదురు లోపల ముక్క ఎలా ఉందో కంటికి కనబడదు గదా! మూతగా కుక్కిన ఆకులు తీసి, గొట్టం నడుమ ఉన్న ముక్కలో గుచ్చి చూస్తే సరిపోతుంది. పుల్ల పొట్టిదైతే నడుమ దాకా అందదు, అప్పుడు ఒక ముక్క పైకి తీసి చూసుకోవాలి.

ఒక హెచ్చరిక. పచ్చిమాంసంలో గుచ్చిన పుల్లను కడగకుండా ఉడికిన ముక్కలో గుచ్చితే మనమే చేజేతులా సూక్ష్మజీవుల్ని లోపలికి పంపినట్టు. ప్రతిసారీ సబ్బుతో కడిగి తుడవాలి.

నాయనమ్మ వేలూ, ధర్మామీటరూ

“మా నాయనమ్మ ఏ ధర్మామీటరు పెట్టి అరిసెలు వండింది?” అని అడిగేవారుంటారు. నిజమే. నీళ్లపళ్లెంలో పాకం చుక్క వేసి, వేలితో ఉండ చేసి చూసి, తడిపిండి కలిపేసేది. ఆ వేలికి అరవై సంక్రాంతుల అనుభవం ఉంది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి అది లేదు. పాకం లేతదైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే పన్నుకు లొంగదు. రెండు కిలోల బెల్లం, నెయ్యి, ముందురోజు నానబెట్టిన బియ్యం అన్నీ దండగ.

పాకం వెనుక ఉన్న సూత్రం కష్టమైనదేమీ కాదు. ఉత్త నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఎంత మంట పెట్టినా అంతకు మించదు. అందులో చక్కెర కరిగితే మరిగే వేడి పెరుగుతుంది. నీరు ఆవిరైపోయి పాకం చిక్కబడే కొద్దీ అంకె పైకి పాకుతుంది. అంటే ధర్మామీటరు చూపేది కేవలం వేడి కాదు, పాకంలో ఇంకా ఎంత నీరు మిగిలిందో కూడా. చక్కెర పాకంలో సుమారు 112 నుంచి 116 డిగ్రీల మధ్య మెత్తని ఉండపాకం వస్తుంది. 120 దాటితే గట్టి ఉండ. వేరుశనగ అచ్చులకు ఇంకా ముదరాలి.

బెల్లం అన్నీ ఒకలా ఉండవు కనుక ఈ అంకెల్ని కళ్లు మూసుకుని పట్టుకోకూడదు. మంచి పద్ధతి ఒకటుంది. ఇంట్లో పెద్దామె పాకం పట్టేటప్పుడు పక్కన నిలబడండి. ఆమె “చాలమ్మా, దించు” అన్న క్షణాన పుల్ల ముంచి అంకె చూసి, క్యాలెండర్ వెనక రాసి పెట్టుకోండి. మరుసటి ఏడు అదే రకం బెల్లంతో ఆ అంకెకే దించితే పాకం తప్పదు.

బెల్లం వండే రైతులకు కూడా ఇదే లెక్క. చెరకు రసం కాగి, బెండ జిగురుతో తెట్టు తీసేశాక మరుగు 100 డిగ్రీలకు కాస్త పైన చాలాసేపు కదలకుండా ఉంటుంది. నీరు తగ్గాక మాత్రం అంకె పరుగెడుతుంది. పానకం బెల్లానికి 105, 106 డిగ్రీల దగ్గర దించాలి. దిమ్మ కట్టే బెల్లానికి 116 నుంచి 118. ఆ చివరి పది డిగ్రీల్లోనే ఏమరుపాటు పనికిరాదు. మంట కొంచెం ఎక్కువైనా పెనం అడుగంటి బెల్లం నల్లబడుతుంది, ధర పడిపోతుంది. చెరకు రకాన్ని బట్టి, నేలను బట్టి ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అవుతుందని అనుభవం ఉన్న వంటగాడికి చెప్పనక్కరలేదు. అయితే వంటింటి కలం ధర్మామీటరు ఈ పనికి చాలదు. పెనం మీదికి వంగితే ఆవిరికి చెయ్యి కాలుతుంది, ప్లాస్టిక్ తల కరుగుతుంది. అడుగున్నర పొడవు కాడ ఉండి, 200 డిగ్రీల దాకా చూపే గడియారపు ముఖం ధర్మామీటరును యంత్రసామగ్రి దుకాణాల్లో అడగాలి.

ఏది కొనాలి?

జ్వరం చూసేది వంటకు పనికిరాదు. దాని అంకెలు 42, 43 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. గాజుదైతే వేడికి పగిలి పాదరసం తిండిలో పడుతుంది, అది విషం. 2020లో కరోనా సమయాన నుదుటికి చూపించిన తుపాకీ ధర్మామీటర్లు చాలాచోట్ల బీరువాల్లో పడి ఉన్నాయి. అవి కూడా ఒంటి వేడికే. వంటకని అమ్మే తుపాకీలు వేరే ఉన్నాయి గాని, అవి పైభాగం వేడినే చూపుతాయి, ముక్క లోపల ఏముందో వాటికి తెలియదు. మెరిసే స్టీలు గిన్నె మీద తప్పు అంకె ఇస్తాయి, ఆవిరి అడ్డొచ్చినా అంతే. దోసె పెనం వేడి చూసుకోవడానికి తప్ప వాటిమీద డబ్బు పెట్టవద్దు.

ఇక మిగిలినవి మూడు. గడియారంలా ముల్లు తిరిగేది చవక, బ్యాటరీ అక్కరలేదు. కానీ పుల్ల రెండంగుళాలకు పైగా లోపలికి దిగితేగాని సరిగా చూపదు, పావు నిమిషం పైగా పడుతుంది. పలుచని కోడిముక్కకు అది ఎలా సరిపోతుంది? అంకెలు చూపే కలం రకానికి వేడి పసిగట్టే భాగం కొనలోనే ఉంటుంది. పది సెకన్ల లోపో, కాస్త అటో అంకె నిలుస్తుంది. థర్మోకపుల్ అనే మూడో రకం రెండు మూడు సెకన్లలోనే చెబుతుంది, ధర మాత్రం ఎన్నో రెట్లు. హోటలు వారికి సరే, ఇంటికి రెండో రకమే చాలు.

పెట్టె మీద ‘తక్షణం’ అని రాసినంత మాత్రాన నమ్మవద్దు. కొలిచే హద్దు కనీసం 200 డిగ్రీల దాకా ఉండాలి, ఎందుకంటే గారెలు, పూరీలు వేగే నూనె 170 నుంచి 190 డిగ్రీలు ఉంటుంది. తేడా ఒక డిగ్రీకి మించదని రాసి ఉండాలి. పుల్ల తుప్పు పట్టని ఉక్కుదై, నాలుగైదు అంగుళాల పొడవు ఉంటే మేలు. తడిసినా చెడనిది దొరికితే ఇంకా మంచిది, చవకవాటిలో ఎక్కువ భాగం నీళ్లు తలలోకి పోయే చెడిపోతాయి. సెంటీగ్రేడు, ఫారెన్‌హీటు మార్చే మీట పొరపాటున నొక్కుకుపోతే కోడి ‘165’ అని చూపి కంగారు పెడుతుంది. కంగారు వద్దు, ఫారెన్‌హీటులో 165 అంటే మన 74 డిగ్రీలే.

మంచుతో పరీక్ష

కొన్న రోజే పరీక్షించాలి. గ్లాసు నిండా నలగ్గొట్టిన మంచు వేసి, సందులు నిండేంత నీరు పోసి, బాగా కలిపి రెండు మూడు నిమిషాలు ఉంచండి. పుల్ల కొన గ్లాసుకు తగలకుండా మధ్యలో నిలిపితే సున్నా చూపాలి. ఒక డిగ్రీ తేడా ఫర్వాలేదు. రెండు మూడు డిగ్రీలు దాటితే బిల్లుతో సహా దుకాణానికి తిరిగి ఇచ్చేయండి. తర్వాత తెర్లుతున్న నీటిలో పెట్టి చూడండి. సముద్రానికి దగ్గరగా, పల్లంలో ఉన్న అనకాపల్లిలో 100 రావాలి. ఎత్తుకు వెళ్లే కొద్దీ ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. అందువల్ల అరకులో 97 చూపితే అది పరికరం లోపం కాదు. మన దగ్గర కుదిరిన పాకం అంకెలోనూ అక్కడ అదే మూడు డిగ్రీలు తగ్గించుకోవాలి. ముల్లు రకంలో చాలావాటికి ముఖం కింద మర ఉంటుంది, దాన్ని తిప్పి సున్నాకు తేవచ్చు.

పాలు తోడుపెట్టే ఇళ్లలో రోజూ వాడుక ఉంటుంది. కాచిన పాలు 40 నుంచి 45 డిగ్రీలకు చల్లారాక తోడు వేస్తే పెరుగు గట్టిగా తోడుకుంటుంది. 55 దాటిన పాలలో వేస్తే తోడులోని జీవులే చచ్చిపోతాయి. శీతాకాలం పెరుగు తోడుకోవడం లేదని పాలవాడిని తిట్టేముందు ఒకసారి పాల వేడి చూడటం మంచిది.

పుల్లను పొయ్యి మీద గిన్నెలో వదిలి వెళ్లకూడదు, చూసి తీసేయాలి. నూనెలో ముంచినప్పుడు కొన మూకుడు అడుగుకు తగలరాదు. లోపల వేసే గుండీలాంటి బ్యాటరీ గడియారాల దుకాణంలో దొరుకుతుంది. అది పసిపిల్లలు మింగితే గొంతులో, పేగులో పుండు చేసి ప్రాణం తీయగలదు కనుక మూత మరతో బిగించేదే కొనండి. పాత బ్యాటరీలు గూట్లో పడేయవద్దు. సంక్రాంతి తర్వాత మళ్లీ వాడకం లేదనుకుంటే బ్యాటరీ తీసి విడిగా, పిల్లలకు అందని ఎత్తులో దాచాలి, లేకుంటే వానాకాలం చెమ్మకు అది కారి పరికరం పాడవుతుంది.